ఉప్పును చేలోనే ఆపాలి

1961 చివర్లో మెక్సికాలి లోయ రైతులకు కొలరాడో నది నీళ్లు ఎప్పటిలాగే కాలువల్లోకి వచ్చాయి. వచ్చిన నీరు మాత్రం ఎప్పటిది కాదు. అంతకుముందు సగటున 800 పీపీఎం దగ్గర ఉండే ఉప్పు ఆ శీతకాలంలో కొన్నాళ్లపాటు 2,500 దాటింది. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం బిగించేటప్పుడు మెకానిక్ మీటరు ముంచి చూపించే టీడీఎస్ అంకె ఇదే. తాగునీటిలో అది 500 లోపు ఉండాలని, వేరే దారి లేనిచోట 2,000 దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. మెక్సికోలోని ఆ రైతులు అంతకు మించిన ఉప్పుతో పైర్లు పెంచాల్సి వచ్చింది. చేలు దెబ్బతిన్నాయి. నేల మీద తెల్లటి పొర తేలింది. నవంబరులోనే మెక్సికో ప్రభుత్వం అమెరికాకు అధికారికంగా నిరసన తెలిపింది.

ఆ ఉప్పు సముద్రం నుంచి ఎదురెక్కి రాలేదు, ఏ కర్మాగారం నుంచీ రాలేదు. సరిహద్దుకు అవతల, అరిజోనాలో హీలా నది వెంట ఉన్న వెల్టన్-మొహాక్ ఆయకట్టు పొలాల నుంచి వచ్చింది. అక్కడి రైతులు ముందు బావుల మీద ఆధారపడేవారు. ఆ బావులు ఉప్పు తేలడంతో 1952 నుంచి వారికి కొలరాడో నీళ్లు కాలువల ద్వారా అందాయి. ఎడారిలో నీళ్లు పుష్కలంగా పారాయి. పంట తాగగా మిగిలినది కిందికి ఇంకింది, ఇంకిన నీటికి బయటికి పోయే దారి లేదు. కొద్ది ఏళ్లలోనే భూగర్భజలం వేళ్ల దాకా లేచింది. దాన్ని దించడానికి వరసగా బావులు తవ్వి, తోడి, 1961లో ఒక కాలువ వేసి ఆ మురుగును నదిలోకి వదిలారు. అందులో ఉప్పు 6,000 పీపీఎం. దానికి తోడు ఎగువ నుంచి మెక్సికోకు వచ్చే మిగులు నీళ్లు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే తగ్గిపోయాయి. పలచబరచడానికి మంచినీరు లేదు, చిక్కబరచడానికి మురుగు ఉంది.

1944లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నప్పుడు మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరపు అడుగుల నీరు ఇవ్వాలని తేల్చారు. మన లెక్కలో అది సుమారు 65 టీఎంసీలు. ఆ నీటిలో ఉప్పు ఎంత ఉండవచ్చో ఒప్పందంలో రాయలేదు. పరిమాణం చెప్పి నాణ్యత చెప్పకపోవడం అనే ఆ ఒక్క లోపం పన్నెండేళ్ల తగువుకు దారితీసింది. 1972లో మెక్సికో అధ్యక్షుడు ఎచెవెరియా వాషింగ్టన్ వచ్చి అమెరికా కాంగ్రెస్ ఎదుటే ఈ విషయం లేవనెత్తారు. 1973 ఆగస్టు 30న 242 నంబరు ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం, సరిహద్దుకు ఎగువనున్న ఇంపీరియల్ ఆనకట్ట దగ్గర ఉండే లవణత కంటే మెక్సికోకు చేరే నీటిలో సాలీనా సగటున 115 పీపీఎంకు మించి ఎక్కువ ఉండకూడదు, 30 అటూ ఇటూ కావచ్చు. 1974లో కొలరాడో నదీ లవణత నియంత్రణ చట్టం వచ్చింది.

ఆ చట్టం రెండు దారులు తెరిచింది. ఒకటి యంత్రం, రెండోది పొలం. యాభై ఏళ్ల తరవాత రెండింటి ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఉంది. ఇలాంటి అవకాశం నీటి విధానాల్లో అరుదు.

యంత్రం కథ చిన్నది. వెల్టన్-మొహాక్ మురుగును శుద్ధి చేసి నదిలో కలపడానికి అరిజోనాలోని యూమాలో భారీ నిర్లవణీకరణ ప్లాంటు కట్టారు. పూర్తయ్యేసరికి 1992 వచ్చింది, ఖర్చు దాదాపు 25 కోట్ల డాలర్లు. సామర్థ్యంలో మూడో వంతుతో కొన్ని నెలలు నడిచింది. 1993లో హీలా నదికి వరదలొచ్చి మురుగు కాలువ దెబ్బతినగానే ఆగిపోయింది. ఆ తరవాత 2007లో కొద్ది నెలలు, 2010-11లో ఏడాదికి దగ్గరగా ప్రయోగాత్మకంగా తిప్పారు, అంతే. ఈలోగా ఆ మురుగును శుద్ధి చేయకుండానే వేరే కాలువ ద్వారా మెక్సికో తీరం దాకా తీసుకెళ్లి వదిలారు. ఎండిపోయిన డెల్టాలో అది సియెనెగా డి శాంటా క్లారా అనే విశాలమైన తుంగ మడుగుగా మారి, అంతరించిపోతున్న నీటికోళ్లకు ఆశ్రయమైంది. ఇప్పుడు ప్లాంటు పూర్తిగా నడిపితే ఆ మడుగుకు వెళ్లే నీరు తగ్గిపోతుంది. అంటే ఉప్పును విడదీసే యంత్రాన్ని నడపడానికి కరెంటు ఖర్చే కాకుండా పక్షుల ప్రాణాల లెక్క కూడా చూడాలి.

పొలం దారి ఇంతకంటే నెమ్మది, ఇంతకంటే శ్రమ. ఫలించింది మాత్రం అదే.

అసలు కొలరాడోలో ఉప్పు ఎక్కడిది? పర్వతాల్లో మంచు కరిగి పుట్టేచోట ఆ నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల ఉప్పు కూడా ఉండదు. ఇంపీరియల్ ఆనకట్ట చేరేసరికి 700 దగ్గర తచ్చాడుతుంది. 1971లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క తీస్తే దాదాపు సగం, అంటే 47 శాతం, ప్రకృతి సిద్ధంగా ఊటల నుంచి, రాళ్ల నుంచి వచ్చేదని తేలింది. 37 శాతం వ్యవసాయం వల్ల. మిగిలింది జలాశయాల ఆవిరి, పట్టణాలు, పరిశ్రమలు. ప్రకృతి వాటాను ఎవరూ పెద్దగా తగ్గించలేరు. ప్రధానంగా తగ్గించగలిగింది ఆ 37 శాతాన్నే.

ఆ శాతం ఎలా తయారవుతుందో చూడాలంటే కొలరాడో రాష్ట్రంలోని గ్రాండ్ లోయకు వెళ్లాలి. గన్నిసన్ నది వచ్చి కొలరాడోలో కలిసే చోటు అది. పాలిసేడ్ పీచ్ పళ్లకు పేరుపడ్డ ప్రాంతం. పైన పలచటి మట్టి, కింద మాంకోస్ షేల్ అనే బూడిదరంగు పలకరాయి. కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతమంతా సముద్రం. ఆ అడుగు బురదే గట్టిపడి ఈ రాయి అయింది, ఆనాటి ఉప్పు ఇంకా దాని పొరల్లోనే ఉంది. వాన అతి తక్కువ కాబట్టి ఆ ఉప్పు లక్షల ఏళ్లుగా కదలకుండా ఉండిపోయింది. సాగునీరు వచ్చాక కదిలింది. మట్టి కాలువల అడుగు నుంచి, చేల నుంచి ఇంకిన ప్రతి చుక్కా షేల్ గుండా దిగి, ఉప్పును కరిగించుకుని, నది వైపు జారింది. నియంత్రణ పనులు మొదలయ్యేనాటికి ఈ ఒక్క లోయ నుంచే ఏటా 5.8 లక్షల టన్నుల ఉప్పు నదిలో కలిసేదని అంచనా. సాగులో ఉన్నది అరవై వేల పైచిలుకు ఎకరాలు. ఎకరాకు దాదాపు తొమ్మిది టన్నుల ఉప్పు! అంత బరువు ధాన్యం మామూలు ఎకరం పండించదు.

అక్కడి రైతు తప్పు చేశాడనలేం. తాతల నాటి నుంచి నీటి హక్కు ఉంది, కాలువలో నీళ్లు ఉన్నాయి, సాళ్లలోకి వదిలాడు. సాలు పొడవు ఎక్కువ. నీరు మొదట్లో బయల్దేరి చివరి మొక్కను చేరేలోగా మొదట్లోని నేల తాగాల్సినదానికి రెండింతలు తాగేస్తుంది. చివర తడవాలంటే మొదలు నానాల్సిందే. ఆ నానిన నీరే కిందికి దిగి ఉప్పుతో తిరిగొస్తుంది.

దీనికి ఒక చక్కటి మందు దొరికింది. గొట్టం చివర ఒక కవాటం పెట్టి, దానికి చిన్న గడియారపు యంత్రం, సౌరఫలకం తగిలిస్తారు. ఆ కవాటం నీటిని కాసేపు ఎడమవైపు సాళ్లకు, కాసేపు కుడివైపు సాళ్లకు మార్చి మార్చి వదులుతుంది. మొదటిసారి తడిసిన మట్టి నీరు ఆగిన వ్యవధిలో కుదురుకుంటుంది, పైపొరలో సందులు పూడుకుంటాయి. రెండోసారి వచ్చిన నీరు ఆ తడిసిన భాగం మీద ఇంకకుండా జర్రున ముందుకు పరుగెత్తి పొడి నేలను అందుకుంటుంది. మూడోసారి ఇంకా ముందుకు. చివరి మొక్క త్వరగా తడుస్తుంది, మొదటి మొక్క కింద నీరు వృథాగా దిగదు. నేల స్వభావాన్ని గమనించిన మనిషే ఇలాంటి పనిముట్టు చేయగలడు. మట్టి బోదెల స్థానంలో ప్రతి సాలుకూ చిన్న తలుపున్న గొట్టాలు వేశారు. పండ్లతోటలకు డ్రిప్, మేత పొలాలకు స్ప్రింక్లర్లు. ప్రధాన కాలువలకు సిమెంటు, ప్లాస్టిక్ పొరలు. పిల్లకాలువలను భూమిలో పైపులుగా పాతారు.

కింద వెల్టన్-మొహాక్‌లో మరో పద్ధతి. నేలను లేజరుతో చదును చేశారు. చేను గట్టు మీద ముక్కాలి పీటపై తిరిగే లేజరు దీపం, ట్రాక్టరు వెనక లాగే పార మీద నిలువు కర్రకు దాన్ని అందుకునే పరికరం. మిట్ట వస్తే పార తనంతట తాను దిగి గీకుతుంది, పల్లం వస్తే లేచి మట్టి వదులుతుంది. అలా అద్దంలా సమం చేసిన మడిలోకి ఒక్కసారిగా ఎక్కువ నీటిని వేగంగా వదిలితే అన్ని మూలలకూ ఒకే లోతున చేరుతుంది. చట్టం ప్రకారం ఆ ఆయకట్టులో 10 వేల ఎకరాలను సాగు నుంచే తప్పించారు కూడా. ఎవరి పంటకూ పనికిరాని మురుగు అలా బాగా తగ్గింది. మన పల్లెల్లో ఇప్పుడు అద్దెకు తిరుగుతున్న లేజర్ లెవెలర్ చేసే పనీ ఇదే, కాకపోతే మనం దాన్ని దమ్ము ఖర్చు, నీటి ఖర్చు తగ్గించే పరికరంగానే చూస్తున్నాం.

ఇన్ని పనులకు డబ్బు ఎవరిచ్చారన్నదే ఈ కథలో కీలకం. పొలంలో నీరు ఎక్కువ పారితే గ్రాండ్ లోయ రైతుకు నష్టం లేదు. నష్టం వందల మైళ్ల దిగువన ఉన్నవారికి: కాలిఫోర్నియాలో పంట తగ్గే రైతుకు, లాస్ వేగస్‌లో గీజరు పాడయ్యే కుటుంబానికి, ఫీనిక్స్‌లో పైపులు పూడుకుపోయే నగరపాలక సంస్థకు. ఉప్పు వల్ల ఏటా 30 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరుగుతోందని అమెరికా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ అంచనా. ఈ నది నీరు తాగే నాలుగు కోట్ల మందిలో ఫీనిక్స్, శాన్ డియేగో, లాస్ ఏంజెలిస్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వారి కుళాయిల మూతుల దగ్గర కట్టే తెల్లటి పొరలో ఆ షేల్ ఉప్పు వాటా ఉంది.

నష్టపోయేది ఒకరు, ఆపగలిగేది మరొకరు. ఇలాంటి చోట ఉపన్యాసాలు పనిచేయవు, జరిమానాలూ పెద్దగా పనిచేయవు. కొలరాడో పరీవాహకం వేరే మార్గం పట్టింది. 1984 సవరణతో పొలం మీద చేసే పనులకు వ్యవసాయ శాఖ ద్వారా రైతుకు ఖర్చులో పెద్ద భాగం భరించే ఏర్పాటు వచ్చింది. మొత్తం కార్యక్రమం ఖర్చులో చాలాకాలం 70 శాతం కేంద్ర ఖజానా భరించింది. మిగిలిన 30 శాతం నది మీది ఆనకట్టల జలవిద్యుత్ రాబడి నుంచి ఏర్పడిన నిధుల నుంచి వచ్చింది. హూవర్ వంటి ఆనకట్టల దగ్గర కాలిఫోర్నియా, నెవాడాలు కొనే కరెంటు మీద యూనిట్‌కు పావు సెంటు ఈ నిధిలోకి వెళ్తుంది. దిగువన బల్బు వెలిగించుకునే మనిషి ఎగువన రైతు పైపు ఖర్చులో భాగం పంచుకుంటున్నాడన్నమాట. 1995 నుంచి పనులకు పోటీ పద్ధతి కూడా వచ్చింది. ఏ కాలువ సంఘం తక్కువ ఖర్చుతో ఎక్కువ టన్నుల ఉప్పు ఆపుతానని ముందుకొస్తే దానికే డబ్బు. లెక్క ఎకరాల్లో కాకుండా, పైపు మీటర్లలో కాకుండా, ఆపిన ఉప్పు టన్నుల్లో. సర్కారీ పథకాలన్నిటిలోనూ ఈ ఒక్క మార్పు తెస్తే చాలా డబ్బు సరైన చోటికి చేరుతుంది.

ఇప్పుడు యూటా, వయోమింగ్ దాకా విస్తరించిన ఈ పనులన్నీ కలిపి ఏటా 12 లక్షల టన్నులకు పైగా ఉప్పును నదికి దూరంగా ఉంచుతున్నాయి. హూవర్ ఆనకట్ట దిగువన లీటరుకు 723, పార్కర్ ఆనకట్ట దిగువన 747, ఇంపీరియల్ దగ్గర 879 మిల్లీగ్రాములని 1970ల మధ్యలో పెట్టుకున్న హద్దులు సాలీనా సగటున ఇంతవరకూ దాటలేదు. అదే షేల్ నుంచి ఉప్పుతో పాటు వచ్చే సెలీనియం కూడా తగ్గుతోంది. దాని విషంతో గుడ్లు, పిల్లలు దెబ్బతినే అరుదైన నదీ చేపలకు అది పెద్ద ఊరట.

ఈ దారిలో చిక్కులు లేవని కాదు. కారిపోయే కాలువ పక్కనే వందేళ్లుగా చెట్లు, తుంగ, పక్షులు పెరిగాయి, కాలువను పైపుగా మారిస్తే అవి ఎండిపోతాయి. అందుకే పోయిన ఆవాసానికి బదులు వేరే చోట పెంచాలని చట్టంలోనే రాశారు. రెండోది మరింత సున్నితం. పొదుపైన నీటితో ఎగువన కొత్త ఎకరాలు సాగు చేస్తే నదిలో నీరు తగ్గుతుంది, ఉన్న ఉప్పు చిక్కబడుతుంది. మూడోది, నీళ్లు తక్కువ పెట్టమన్న సలహా అందరికీ పనికిరాదు. నీటిలో అప్పటికే ఉప్పు ఉన్న కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో, మెక్సికాలిలో రైతు ఆ ఉప్పును వేళ్ల కిందికి కడగడానికి అవసరమైనదాని కంటే కొంచెం ఎక్కువే పారించాలి, కింద మురుగు పైపులూ ఉండాలి. పొలం బయటి పనులకూ చిక్కులు తప్పలేదు. కొలరాడో ఉపనది డోలొరెస్‌లో కలిసే పారడాక్స్ లోయ ఉప్పు ఊటలను తోడి లోతైన బావిలోకి ఎక్కించే పని 1996 నుంచి ఏటా లక్ష టన్నుల మేర ఉప్పును ఆపింది. 2019లో దాని దగ్గర 4.5 తీవ్రతతో భూమి కంపించడంతో ఆపాల్సి వచ్చింది, తరవాత తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు. కరవు వల్ల జలాశయాలు తగ్గి, కరెంటు తగ్గి, పావు సెంటు నిధి కూడా చిక్కిపోయింది. నీరు తక్కువైనప్పుడే ఉప్పు పెరుగుతుంది, అప్పుడే దాన్ని ఆపే డబ్బు కరువవుతుంది.

తెలుగు నేలకు ఈ కథలో ఏం పని? మన కృష్ణ, గోదావరి ఆయకట్టుల సమస్య మాంకోస్ లాంటి ఉప్పు షేల్ కాదు. మన నదీముఖాల్లో ఉప్పు పెరగడానికి ప్రధాన కారణం ఎగువ నుంచి నీరు రాక సముద్రం ఎదురెక్కడం. ఈ తేడా మరిచి అమెరికా పద్ధతులను దించుకుంటే ప్రయోజనం ఉండదు. కానీ సాగునీరే నేలను చవిటిగా మార్చడం మనకూ కొత్త కాదు. తుంగభద్ర ఎడమ కాలువ కింద, కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాల్లో, ఆరుతడి పంటలకని రూపొందించిన కాలువ మొదట్లో వరి వేశారు. నల్లరేగడిలో నీరు నిలిచింది, ఊట లేచింది, వేల హెక్టార్లు చౌడు బారాయి. చివరి భూములకు నీళ్లే అందలేదు. ఆ ఆయకట్టు మురుగు చేరేది తుంగభద్రలోకి, కృష్ణలోకి. అంటే కిందనున్న తెలుగు రాష్ట్రాల నీటిలోకి.

మన దగ్గరా ఇదే పాఠం నేర్పిన పొలాలున్నాయి. ఇండో-డచ్ సహకారంతో, బాపట్ల శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో, అప్పటి ప్రకాశం జిల్లాలో రెండు చోట్ల భూమి లోపల చిల్లుల పైపులు వేసి చూశారు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కొనంకి, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు. సుమారు మీటరు లోతున పాతిన ఆ పైపులు వేళ్ల కింద నిలిచిన ఉప్పు నీటిని లాగి మురుగు కాలువలోకి పంపాయి. చవిటి తగ్గింది, వరి కోలుకుంది. ఆ ప్రయోగం చూపిన దారి పెద్దగా విస్తరించలేదు. పంట కాలువకు ఉన్న ఆదరణ మురుగు కాలువకు లేకపోవడమే అందుకు కారణం. పూడిక, గుర్రపుడెక్క నిండిన మురుగు కాలువలోకి ఏ పైపు నీరు దిగుతుంది?

1973లో, అంటే కొలరాడో ఒప్పందం కుదిరిన ఏడాదే, బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా జలాల తీర్పు చెప్పింది. అది వాటాలను టీఎంసీల్లో పంచింది. సాగుకు వాడిన నీటిలో కొంత మళ్లీ నదికి చేరుతుందని లెక్కగట్టి, ఆ మేరకు రాష్ట్రాలకు అదనంగా వాడుకునే వీలు కూడా కల్పించింది. తిరిగొచ్చే నీటిని అలా నీటిగా లెక్క వేశారు. అది మోసుకొచ్చే ఉప్పుకు టన్నుల లెక్క లేదు. 1944లో కొలరాడో మీద జరిగిన లోపం ఇదే.

దాన్ని సరిదిద్దడానికి కొత్త ట్రైబ్యునల్ కోసం ఆగక్కర్లేదు. తుంగభద్ర ఆయకట్టు మురుగు వాగులు నదిలో కలిసే చోట్ల, సాగర్ కాలువల కింది వాగుల మూతుల దగ్గర, డెల్టా మురుగు కాలువల చివర విద్యుత్ వాహకత కొలిచే మీటర్లు, ప్రవాహం కొలిచే గేజీలు పెట్టి, ఆ అంకెలను రోజూ బయటపెట్టవచ్చు. ఏ ఆయకట్టు ఎన్ని టన్నుల ఉప్పు నదికి ఇస్తోందో అప్పుడు తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి సూక్ష్మసేద్యానికి ఇస్తున్న రాయితీలు ఎక్కువగా బోరుబావుల రైతులకు చేరాయి. ఆ అంకెలు చేతికొచ్చాక కాలువల మొదట్లో వరి మానుకుని ఆరుతడికి, లేజర్ చదునుకు, డ్రిప్‌కు మారే రైతుకు కూడా ఆ డబ్బు మళ్లించవచ్చు. మురుగు కాలువ పూడికతీతకు పంట కాలువతో సమానంగా బడ్జెట్ కేటాయించవచ్చు. ఖర్చులో ఎంత వాటా కర్ణాటక పెట్టాలి, ఎంత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పెట్టాలి అన్నది తుంగభద్ర బోర్డు, కృష్ణా నదీ యాజమాన్య బోర్డు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఆ చర్చకు ముందు కావాల్సింది నాలుగైదేళ్ల కొలతలు, వాటిని ఈ ఖరీఫ్ నుంచే మొదలుపెట్టవచ్చు.